సొరంగంలో గుంజుడు పడవ

నిజాం రాజ్యంలో ఇంజను పడవ నడిపిన మొట్టమొదటి తెలుగువాణ్ణి నేను. నా పడవ ఏనుగంత రాళ్లను లాగింది. సొరంగంలో నీళ్లు పైకప్పును తాకబోతుంటే, పద్నాలుగు మందిని ఎక్కించుకొని, చుక్కాని ఒక్క చేత్తో పట్టి బయటికి తెచ్చాను. ఈ మాట నార్కట్‌పల్లి చాయ్ హోటళ్లలో చెప్పాను, మోత్కూరు అంగట్లో చెప్పాను, పిలిచిన పెండ్లిలో చెప్పాను, పిలవని పెండ్లిలోనూ చెప్పాను. మనవడు బడిలో చెబితే వాళ్ల పంతులు నన్ను చూడడానికి ఇంటికే వచ్చాడు. చూశాక ఏమనుకున్నాడో గానీ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనుక ఒక్కొక్కటే కిందికి దించాలి. మొట్టమొదటివాణ్ణి కాదు, రెండోవాణ్ణి. మొదటివాడు హైదరాబాదు నుంచి పడవతోపాటే వచ్చిన మేస్త్రీ. చలిజ్వరం పట్టి ఆయన తిరిగిపోతే పడవ నా చేతికొచ్చింది. రాజ్యంలో ఇంకెక్కడెక్కడ ఇంజను పడవలున్నాయో నాకు తెలియదు. నాకు తెలిసింది మా కాలువ ఒక్కటే, దాని మీద ఉన్న పడవా ఒక్కటే. రాళ్లు ఏనుగంతవి కావు. మేకంత ఉండేవి. పద్నాలుగు మంది సంగతి ముందుకు పోయాక చెబుతాను. దానికి కొంచెం గుండె కూడగట్టుకోవాలి.

మా కాలువ పెద్ద చెరువు తూము దగ్గర పుట్టి, మైలున్నర మెట్టభూముల పక్కగా వచ్చి, అడ్డంగా ఒక గుట్ట తగలగానే దాని కడుపులోకి దూరేది. గుట్టకు అవతల నాలుగూళ్ల వరి ఆ నీళ్ల మీదే బతికేది. ఎప్పుడో తాతల కాలంలో తొలిచిన సొరంగం. గట్టి రాయి ఉన్నంత మేర గుట్టే కప్పు. మన్ను మెత్తగా ఉన్నచోట మాత్రం కమాను కట్టారు. ఆ కమాను రాళ్లు ఏడాదికి రెండో మూడో వదులయ్యేవి. లోపల నిలబడి పిలిస్తే మాట బయటికి రాదు, ఉత్త మోత వస్తుంది.

నీళ్లు ఆపి బాగుచేసుకోవచ్చు కదా అని పంతులు అడిగాడు. ఆపినా లాభం లేదు. సొరంగం అడుగు కాలువ అడుగు కంటే లోతు. తూము పూర్తిగా మూసినా లోపల మనిషి మెడ దాకా నీళ్లు నిలిచే ఉంటాయి. అందుకని తూమును జానెడుకు దించి, రాళ్లూ సున్నపు గచ్చూ తెప్ప మీద పెట్టుకొని పోయి, తెప్ప మీదే మంచె కట్టి, మంచె మీద వెల్లకిలా పడుకొని కప్పుకు పనిచేయాలి. ఆ తెప్పను లోపలికి లాగేది ఏది అన్నదే మా కాలువ చరిత్ర అంతా.

మొదట లాగింది మనుషుల కాళ్లు. తాటి మొద్దుల తెప్ప మీద ఇద్దరు వెల్లకిలా పడుకొని సొరంగం కప్పును పాదాలతో నెట్టుకుంటూ పోయేవాళ్లట. ఆ పని చేసిన ముసలాయనను ఒకణ్ణి నేను ఎరుగుదును. ఆయన పాదాలు చూస్తే చెప్పులు వేసుకున్నాడనుకునేవాళ్లం. తరువాత తెలివిగల వాడెవడో కృష్ణ ఒడ్డు నుంచి తోలు పుట్టిని తెప్పించాడు. పుట్టి గుండ్రంగా ఉంటుంది, దానికి ముందూ వెనకా లేదు. తెప్పను దానికి కట్టి తెడ్డు వేయగానే అది ముందుకు పోవడం మాని గింగిరాలు తిరిగేదట. లోపలికి పోయినవాళ్లు కళ్లు తిరిగి, వాంతులు చేసుకొని, పోయిన దారినే బయటికి వచ్చేవాళ్లు. అటు తరువాత గోడ పొడవునా ఇనుప కడియాలు బిగించి, వాటిలోంచి మోకు లాగి కట్టారు. చెక్కపడవలో నిలబడి మోకు పట్టుకొని గుంజుకుంటూ పోవడమే. గుంజుడు పడవ అనే పేరు అప్పుడు పుట్టింది. ఇంజను వచ్చినా ఆ పేరు పోలేదు.

ఇంజను పడవ లారీ మీద నార్కట్‌పల్లి దాకా, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద మా గుట్ట దాకా వచ్చింది. రెండు నులకమంచాలు పొడవునా కలిపి పెడితే ఎంతో అంత పడవ. ఇనుప రేకులు, నడుమ ఒక ఇంజను, దాని నెత్తిన నిటారుగా పొగగొట్టం. మేం రాళ్లు కొట్టే ఇండ్లవాళ్లం. మా ఇంట్లో సుత్తె పట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇంజను పిడి తిప్పి అది డబడబమన్న రోజు గుట్ట కింద పనివాళ్లంతా నన్నే చూశారు. అంతకు మించిన రోజు నా జీవితంలో రాలేదని ఇప్పటికీ అనుకుంటాను. అయితే దాని పొగ సొరంగంలో నిలిచిపోయేది. తడిగుడ్డ ముక్కుకు కట్టుకొని తెప్పను పనిచోటుకు లాగి, వెంటనే ఇంజను ఆపి, పని అయ్యేదాకా చీకట్లో కూర్చోవాలి. తిరిగి వచ్చేటప్పుడు నీళ్ల వాలుకు మెల్లగా జారి రావడమే. మేం వాలు వైపు నుంచి ఎదురు పోతాం కనుక ముందు పడవ, వెనక తెప్ప. తెప్ప అడ్డం పడితే పడవ బయటికి రావడానికి దారి లేదు. ఇది గుర్తుంచుకోండి.

ఇంకొక పద్ధతి ఉండేది. సర్కారు పెట్టింది కాదు, తూము తలుపు లేపి దించే నీరటి, సొరంగం పనివాళ్లు కలిసి పెట్టుకున్నది. గుట్ట నెత్తిన ఒక పొడుగు కట్టె. దాని మీద ఎర్రగుడ్డ ఎగిరితే సొరంగంలో మనుషులున్నారని గుర్తు, తూము జానెడు మించి లేవకూడదు. తెల్లగుడ్డ ఎగిరితే అందరూ బయటికి వచ్చారని, ఇక తలుపు లేపి అవతలి ఊళ్లకు నీళ్లు వదలవచ్చని. నీరటికి మైలున్నర నుంచి ఆ గుడ్డ తప్ప ఇంకేమీ కనిపించదు. గుడ్డ ఎగరేసే పని నాది.

అప్పుడు పెద్ద యుద్ధం జరుగుతోంది. ఇంజనుకు నూనె దొరకడం కష్టం. అందుకే దొరికిన రోజు రెండు రోజుల పని చేయాలి. ఆ రోజు నూనె దొరికింది. అదే సాయంత్రం నాకు పిల్లను చూడబోవాలి. సంబంధం తెచ్చింది మా బావ, అంటే మా అక్క మొగుడు. అచ్చంపేట దిక్కు మనిషి. కమాను కట్టడంలో ఆయన చెయ్యి పడితే రాయి మాట వింటుందని అనేవాళ్లు. ఇది నా కోత కాదు, ఎవరినైనా అడగండి. అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరనుకోండి.

పొద్దున ఆయన నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏం బామ్మర్దీ, మొకం గంత మెరుస్తాంది? పిల్లను సూడనీకె పోతున్నవా, నిన్ను నువ్వు సూపెట్టుకోనీకె పోతున్నవా?"

"నన్ను సూసినంక ఆళ్లింక వేరే పిలగాన్ని సూడరు బావా."

"సూడరు, కండ్లు మూసుకుంటరు. ఆ ధోతి మీద ఇంజన్ మసి సూడు. గట్ల పోతే ఆళ్లింటి కుక్క గూడ తోకూపది."

ఉన్నది ఒక్కటే మంచి ధోతి. మసి చూసుకొని నా మనసు నిలవలేదు. కాలువలో సబ్బు పెట్టి ఉతికి, పాత లుంగీ చుట్టుకున్నాను. కింద ఎక్కడ ఆరేసినా సున్నం దుమ్ము. గుట్ట నెత్తిన మాత్రం గాలి. కట్టెకు ఉన్న తాడు ఒక్కటే, కొక్కెం ఒక్కటే. నీరటి పొద్దునే ఎర్రగుడ్డ చూసి తూము దించేశాడు, మళ్లీ తల ఎత్తి ఇటెందుకు చూస్తాడు అనుకున్నాను. ఎర్రగుడ్డ దించి, ధోతి ఎగరేసి, ఎర్రగుడ్డను మడిచి పడవలో బల్ల మీద వేసుకొని దాని మీద కూర్చున్నాను. మెత్తగా ఉంది.

ఇదీ నేను హోటళ్లలో ఎన్నడూ చెప్పని భాగం.

బావ, ఇద్దరు కూలీలు తెప్ప మీద, నేను పడవలో. మధ్యాహ్నానికి ముందే పనిచోటుకు చేరి ఇంజను ఆపాను. బావ మంచె మీద వెల్లకిలా పడుకొని, జారిన రాయిని పైకి నెట్టి, కుడిచెయ్యి మోచేయి దాకా సందులో పెట్టి వెనకాల గచ్చు కూరుతున్నాడు. నేను లాంతరు పట్టుకొని నా పెండ్లి ముచ్చట్లు చెబుతున్నాను. గోడకున్న కడియం నా భుజానికి సమంగా ఉండేది. మాటల మధ్యలో చూస్తే మోచేతి దగ్గర ఉంది. పడవ లేస్తోంది.

"నీళ్లు పెరుగుతున్నయి రా!" అన్నాడు బావ.

నీళ్లు పెరిగితే తెప్ప లేస్తుంది. తెప్ప లేస్తే మంచె లేస్తుంది. మంచె మీదున్న మనిషికి, కప్పుకు నడుమ జాగా తగ్గుతుంది. పొద్దున ఆ జాగా మూరెడు. చెయ్యి తీసుకోబోయేసరికి మంచె అంచు తగిలి సగం అతికిన రాయి పక్కకు ఒరిగి ఆయన మోచేతిని కప్పుకు నొక్కేసింది. కూలీలు గడ్డపారతో ఎత్తబోయారు. గడ్డపార తిప్పడానికి కూడా ఎడం మిగల్లేదు.

"మీరు దుంకుండ్రి! వాలుకు కొట్టుకపోతరు. పోయి తూము మూయమనుండ్రి!"

వాళ్లు దూకారు. నీళ్ల చప్పుడులో వాళ్ల కేకలు కాసేపు వినిపించి ఆగిపోయాయి. మిగిలింది మేమిద్దరం. ఇక్కడే నేను ఎన్నో ఏళ్లు, హోటళ్ల కోతల్లో, నీళ్లలోకి దూకి, మునిగి, రాయిని భుజంతో ఎత్తాను. దూకలేదు. నాకు ఈత రాదు. పడవ నడిపేవాడికి ఈత రాదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు, ఇంట్లోవాళ్లకు తప్ప.

నాకు తెలిసిన పని ఒక్కటే, ఇంజను తిప్పాను. అది అంటుకుంది. తెప్పను కొంచెమైనా వాలుకు నెట్టవచ్చని వెనక్కి నడపబోయాను. పొగగొట్టం కప్పుకు తగిలి వంగి, పొగంతా మా ఇద్దరి మీదికే వచ్చింది.

"బంజెయ్‌రా! నీళ్లకన్న ముందుగాల నువ్వే సంపెటట్టున్నవు!"

ఆపేశాను. ఆ తరువాత ఇంజను మళ్లీ అంటుకోలేదు. లాంతరు వెలుగులో చూస్తే బావ ముఖం పక్కకు తిరిగి ఉంది, మంచెకూ కప్పుకూ నడుమ జానెడు కూడా లేదు. ఒక చెంప రాతిని ఆనుకొని ఉంది.

"ఎవడురా తలుపు లేపింది?"

"నీరటోడు తాగి ఉంటడు బావా."

అబద్ధం చెప్పి లేచి నిలబడ్డాను. లేవగానే బల్ల మీద మడత కనిపించింది. బావ ఒక కన్నే ఇటువైపు ఉంది. ఆ ఒక్క కన్నే చాలు.

"గది ఎర్రగుడ్డ గాదా?"

"ఔ బావా."

"మరి కట్టె మీద ఏమున్నది?"

"నా ధోతి."

ఆయన పొట్ట కొంచెం కదిలింది. నవ్వు వచ్చిందని నాకు తరువాత అర్థమైంది. నవ్వడానికి ఆయన రొమ్ముకు జాగా లేదు.

ఆ కడియాన్ని చూస్తూ నిలబడడం తప్ప చేయగలిగింది లేదు. కడియం సగం మునిగింది. నేను రాయిని చేత్తో లాగాను, గోళ్లు విరిగాయి. తెప్పను పడవకు కట్టిన మోకు కోద్దామనుకున్నాను, కోస్తే ఏమవుతుందో తెలియక కత్తి పట్టుకొని అట్లాగే ఉన్నాను. మంచె కాళ్లు విరగ్గొడదామంటే అవి అడుగున మునిగి ఉన్నాయి. ఏ పని తలపెట్టినా అది ఆయనను ఇంకా నొక్కుతుందేమోనని భయం. గుట్ట అంతా మా మీదే కూర్చున్నట్టుంది.

"బామ్మర్దీ, ఇటు రా. పడవ వదిలి తెప్ప మీదికెక్కు. అంచున కూసో. నీ బరువుకు జర దిగుతది."

ఎక్కాను. అంచు పట్టుకొని, నీళ్లలో కాళ్లు పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఊపిరి బిగబడితే బరువు పెరుగుతుందనుకున్నానో ఏమో. నిజంగానే వేలెడు దిగిందని నాకు అనిపించింది.

"కదలకు. గట్లనే ఉండు. పిల్ల పేరేందో జెప్పు."

పేరు గుర్తుకు రాలేదు. అదే మాట చెప్పాను.

"మంచిగున్నది. పోనీ మీ అక్కకు..." అని ఆగాడు. "ఏం లే, నేనే జెప్త తియ్యి" అన్నాడు.

కడియం మొత్తం మునిగింది. ఎంతసేపు మునిగి ఉందో చెప్పలేను. ఇంకొకరైతే ఒక గంట అంటారు, నేను హోటల్లో మూడు గంటలు అనేవాణ్ణి. నేను ఆయన ఊపిరి వింటూ ఉన్నాను, అంతే. ఒక ఊపిరికీ ఇంకొక ఊపిరికీ నడుమ నా ఊపిరి ఆగేది. తరువాత ఎప్పుడో నీళ్ల మీద ఇనుము నల్లగా మెరిసింది. కడియం పై అంచు.

బయట జరిగింది నాకు తరువాత తెలిసింది. అక్క జొన్న గట్క, పచ్చిపులుసు గంపలో పెట్టుకొని మాకు అన్నం తెస్తోంది. కూలీలు తడిసి మట్టిలో దొర్లుతూ బయటపడి, తూము తూము అని అరిచారు. అక్క తల ఎత్తి గుట్ట నెత్తిన తెల్లగుడ్డను చూసింది. గంప కిందపడేసి గుట్ట ఎక్కింది. ధోతి దించింది. ఎగరేయడానికి ఎర్రగుడ్డ లేదు, అది నాతో లోపల ఉంది. ఆమె కట్టుకున్నది ఎర్ర చీర. సగానికి చించి అది ఎగరేసింది. నీరటి ఇంకోసారి తల ఎత్తి చూసి తూము దించాడు కాబట్టి మా బావ బతికాడు. మళ్లీ చూడడులే అని నేననుకున్న మనిషి ఆయన.

కాబట్టి పద్నాలుగు మందిని నేను బయటికి తేలేదు. ఇద్దరు ఈదుకుంటూ పోయారు. మా బావను తగ్గిన నీళ్లే దించాయి. నన్ను ఆ కూలీలే దించారు, కాళ్లు బిగుసుకుపోతే భుజం మీద వేసుకొని.

నీళ్లు తగ్గాక కాలువ పనులు చూసే ఓవర్సీరు గుర్రమెక్కి వచ్చాడు. నీరటిని నిలబెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. నీరటి, "తెల్లగుడ్డ సూసిన సర్కార్, నా కండ్లతోని సూసిన" అంటూ చేతులు జోడించాడు. నేను అక్కడే ఉన్నాను. అక్క సగం చీర భుజాల చుట్టూ కప్పుకొని వచ్చి నా ధోతిని ఆయన గుర్రం ముందు పడేసింది.

"తెల్లగుడ్డ గిదే. మా తమ్మునిది. ఆరేసుకున్నడు."

ఆ రోజుతో పడవ నా చేతిలోంచి పోయింది. నా తరువాత దాన్ని నడపడానికి ఎవరూ దొరకలేదు, వంగిన గొట్టానికి మారు గొట్టమూ రాలేదు. పనివాళ్లు మళ్లీ కడియాల మోకు పట్టుకున్నారు. ఇంజనును ఎవరో ఊడదీసుకుపోయారు. రేకు పడవ గట్టు మీద కొన్నాళ్లు సున్నం తడిపే తొట్టిగా పనికొచ్చింది.

బావను నల్లగొండ దవాఖానలో నెల రోజులు ఉంచారు. చెయ్యి తీసేయలేదు గానీ వేళ్లు మళ్లీ మూసుకోలేదు. తాపీ పట్టలేని మేస్త్రీకి ఎవరూ పని ఇవ్వరు. ఆయన గచ్చు తొట్టి పక్కన కూర్చొని బెల్లం నీళ్లు ఎంత కలపాలి, కరక్కాయ నీళ్లు ఎంత కలపాలి అని చెబుతూ బతికాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. నేనే ఆయన చేతి వైపు కూర్చునేవాణ్ణి కాదు, ఎడమ పక్కన కూర్చునేవాణ్ణి. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన్ను బతికించానన్న కోత నేను ఆయన ఉన్నప్పుడే మొదలుపెట్టాను, ఆయన వింటుండగానే. ఆయన దించలేదు. తల ఊపేవాడు.

ఒకటి మాత్రం నాకు మిగిలింది. అంత సేపట్లో నేను చేసిన పని ఒక్కటే, తెప్ప అంచున బరువుగా కూర్చోవడం. ఆ వేలెడు దిగకపోతే ఆయన రొమ్ము ఆగేదేమో. ఇంత రాసి, ఇన్ని దించుకున్నాక, ఆ వేలెడును మాత్రం ఉంచుకుందామనుకున్నాను.

నిన్న ఇదంతా మా అక్కకు చదివి వినిపించాను. తొంభై దాటిన మనిషి. చూపు లేదు, చెవులు బాగా పనిచేస్తాయి. అనపకాయలు ఒలుస్తూ చివరిదాకా విన్నది. ధోతి దగ్గరా ఒలుస్తూనే ఉంది, చీర దగ్గరా ఒలుస్తూనే ఉంది. వేలెడు దగ్గరికి వచ్చేసరికి ఒలవడం ఆపింది.

"ఏం బరువురా? గప్పుడు నువ్వు జొన్నకట్టె లెక్కుంటివి. నువ్వెక్కితే తెప్ప దిగుతదా? ఈత రానోనివి, ఆ పడవల నిలవడి గజగజ వణుకుతున్నవట. బుగులుకు యాడ నీళ్లల్ల దుంకుతవోనని దగ్గరికి పిలిసిండు ఆయన. దవాఖానల నాతోని జెప్పిండు. ఊకె కూసోమంటే కూసోడు, ఏదో ఒక పని జెప్పాలె గదా అన్నడు. నువ్వు ఆయన్ని కాయలే. ఆయనే నిన్ను కాసిండు. గట్ల రాయి."